షబానా విరవని అక్షం

ఈ రోజు మా అనంతపురం కాలేజీలో డిగ్రీ పిల్లల గ్రాఫులు దిద్దాను. రెండు ప్రమేయాల వక్రాలను ఒకే గ్రాఫులో గీసుకు రమ్మన్నాను. వాటి మధ్య దూరం మరీ ఎక్కువైతే నిలువు అక్షాన్ని నడుమ విరిచి, అక్కడ చిన్న వంకర గీత పెట్టమని నిన్ననే నేర్పాను. కాగితం మిగులుతుంది కదా.

కంబదూరు నుంచి వచ్చే షబానా చాప చుట్టినట్టు పెద్ద చుట్ట ఒకటి తెచ్చింది. ఏటేటా నీళ్లు ఎంత లోతుకు దిగాయో చూపే గ్రాఫు అది. పైన వాళ్ల పాత బావి వక్రం, నలభై అడుగుల దగ్గర ఆగిపోయింది. కింద బోరు వక్రం, ఎనిమిది వందల దగ్గర మొదలై ఇంకా కిందికే పోతోంది. నడుమ అంతా ఖాళీ గళ్లే. షీటు కింద షీటు అంటించింది. బోర్డు పైఅంచున పట్టుకుని వదిలితే, నేల మీద పడి మొదటి బెంచీ దాకా దొర్లింది.

“మధ్యలో ఏమీ లేదు కదమ్మా, విరిచి ఉంటే ఒక్క షీటులో అయిపోయేది” అన్నాను, కాస్త విసుగ్గానే.

“ఏమీ లేదంటే ఎట్ల మేడం? ఆడంతా రాయి ఉండాది. అడుగడుగూ తొలిపిచ్చుకుంటానే కదా నీళ్ల కాడికి పోయింది. మా నాయన రిగ్గు కాడ్నే నిలబడుకోని ఉన్నాడు. యాడ విరిచేది?”

క్లాసంతా ఆ ఖాళీ గళ్ల వైపే తిరిగింది.

దాన్ని మళ్లీ చుట్టడానికి మనసొప్పలేదు. గోడకు అంటించి వచ్చాను. కింది సగం నేల మీదే ఉంది. రేపు తొక్కకుండా పాఠం చెప్పాలి.

మీ బోరు ఎన్ని అడుగులో కింద కామెంట్లలో రాయండి. మధ్యలో ఏమీ లేదని మాత్రం ఇక అనను.