మా పేర్లు మార్చని సిస్టర్

మా తార్నాక బడి పెద్ద సిస్టర్ మొన్న మంగళవారం పోయారు. ఫోన్ చేసినామె "ప్రశాంతంగా పోయారు" అన్నది. నేను నమ్మను. ఆమె ఏ పనీ ప్రశాంతంగా చేయగా నేను చూడలేదు.

అరవైల చివర అది రెండు గదుల క్యాథలిక్ బడి, ఐదో తరగతి వరకే. బెంచీలు ఖాళీగా ఉండేవి. వచ్చే ఏడూ పిల్లలు చేరకపోతే మూసేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. ఆమె గొడుగు పట్టుకుని యూనివర్సిటీ క్వార్టర్లూ, వెనక బస్తీలూ తిరగడం మొదలుపెట్టారు.

మా అమ్మ క్యాంపస్ తోటల్లో పనిచేసేది. సిస్టర్ మా ఇంటికి వస్తే గుమ్మంలోనే అడిగేసింది: "మీ బడిల పేరు రాపిస్తే పేరు మారుస్తరంట గద, సిస్టరమ్మా? పోచమ్మకు మొక్కుకుంటే పుట్టింది ఇది."

సిస్టర్‌ది కడప వైపు. "నేనుండేది పేరు రాసేదానికి, మార్చేదానికి కాదు. నువ్వెట్ల పిలుస్తావో అట్లనే రాస్తా," అన్నారు.

మర్నాడు బడి గుమాస్తా అమ్మ ముందరే గొణిగాడు: "పోచమ్మ ఏంది సిస్టర్, పుష్ప అని రాస్త. జర నీటుగుంటది."

"నీటు నీ చొక్కాకు చూసుకో. బిడ్డ పేరు జోలికి పోవద్దు."

అంతటితో ఆగలేదు. లోపల తీసుకునే హాజరు వరండాలోకి మార్చారు, రోడ్డు మీద పోయేవాళ్ళకు వినపడాలని. మెడలో శిలువతో నిలబడి "పోచమ్మా! యాదగిరీ! ఎల్లమ్మా!" అని గొంతెత్తేవారు. "హాజర్, సిస్టర్!" అని మేం అంతకన్నా గట్టిగా అరిచేవాళ్ళం. కాస్త మెల్లగా పిలవమని ఒక ఫాదర్ చెప్పిపోతే, మర్నాడు ఒక మెట్టు కిందికి దిగి, రోడ్డుకు ఇంకా దగ్గరగా నిలబడి పిలిచారు. నీళ్ళ బిందెలతో పోయే ఆడవాళ్ళు ఆగి నవ్వుకునేవారు. తర్వాత వాళ్ళే పిల్లల్ని తెచ్చి చేర్పించారు. బెంచీలు చాలక చాపలు పరిచారు. మూసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మఠంలో చేరేటప్పుడు సిస్టర్లకు కొత్త పేరు పెడతారని ఐదో తరగతిలో తెలిసింది. "మరి మీ పేరెందుకు మార్చుకున్నరు?" అని నిలదీశాను.

"నాది నేను ఇష్టపడి ఇచ్చినా. నీది ఎవరన్నా అడక్కుండా లాక్కుంటే ఊరుకోవద్దు," అన్నారు. ఆ మాట మీదే బతికాను.

నిన్న సమాధి దగ్గర శిలువ మీద మఠం పేరే ఉంది. అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. ఒక చిన్న సిస్టర్ వచ్చి నా పేరడిగింది. చెప్పాను.

"పుష్పమ్మా?" అన్నది.

"పోచమ్మ!" అన్నాను, గోడ అవతలి రోడ్డుకు వినపడేటట్టు. మట్టి వైపు తిరిగి, "హాజర్, సిస్టర్!" అన్నాను. నా పక్కన బట్టతల యాదగిరి గొంతు సవరించుకున్నాడు.