ఎవరూ చదవని హెచ్చరిక

పోలీసు స్టేషన్‌లో కుర్చీ చూపించినా మా ఆయన కూర్చోలేదట. సావధాన్‌లో నిలబడి అడిగినవాటికీ, అడగనివాటికీ జవాబు చెప్పి వచ్చాడు. నాకది వింతేమీ కాదు. మా మామ కొంచెం గట్టిగా పిలిచినా ఈ మిలిట్రీ మనిషి మడమలు వాటంతటవే దగ్గరికి వచ్చేస్తాయి.

ఆయన సెలవు మీద తిమ్మాజిపేటకు వచ్చిన వారంలోనే పొలం గెట్టు దగ్గర కొట్లాట అయింది. పక్క చేను పెద్దాయన హద్దురాయి జరిపాడని మా మరిది పార పట్టుకుని ఆయన మీదికి పోయాడు. మా ఆయన మధ్యలో దూరి పెద్దాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. అప్పుడే మరిది పార కామతో కొట్టాడు. పెద్దాయన తల పగిలి దవాఖానలో పడ్డాడు. మర్నాడు ఎస్ఐ మా ఆయనకు కబురు పెట్టాడు.

చేతులు పట్టుకున్నది తానేనని మా ఆయన అక్కడ తనంతట తానే చెప్పాడు. విడిపించడానికే పట్టుకున్నానని కూడా చెప్పాడట. కేసులో మాత్రం తమ్ముడు కొట్టడానికి అన్న పట్టుకున్నట్టు పడింది. శిక్ష పడితే నౌకరీ పోతుందని తెలిసి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఎందుకు చెప్పావని గొంతు చించుకున్నాను. వాళ్ల యూనిట్‌లో ఎవరి మీదైనా నేరం మోపితే ముందు ఒక హెచ్చరిక చదువుతారట. చెప్పి తీరాలని లేదు, చెప్పింది మాత్రం రాసుకుంటాం, రేపు అది నీ మీదికే రావచ్చు అని.

"ఈడ ఎవ్వరు గది చదవలే. చదవలేదంటే నా మీద ఏం లేదనే అనుకున్న," అన్నాడు.

నాగర్‌కర్నూల్‌లో మేం పెట్టుకున్న ఆడ వకీలు ఇదంతా విని పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పోలీసులు గట్ల చదివి చెప్పాలని మన దగ్గర లేదమ్మా. మనకు చేటయ్యే మాట చెప్పకుండ ఉండే హక్కయితే ఉంది. గది ఎవరికి వాళ్లే తెలుసుకొని ఉండాలె," అంది. స్టేషన్‌లో ఒప్పుకున్నది కోర్టులో నిలబడదట. కానీ ఎక్కిన పేరు దించడం ఏళ్ల పని అని కూడా చెప్పింది.

ఆ ఏళ్లే ఇప్పుడు నడుస్తున్నాయి. ఆయనకు సెలవు దొరకనప్పుడు వాయిదాకు రాలేడని వకీలు పిటిషన్ వేస్తుంది, మరిది వెంట నేను పోయి కోర్టు వరండాలో కూర్చుంటాను. ఒకరోజు సాక్షి రాడు, ఇంకొకరోజు జడ్జి సెలవు. అలసిపోయాను. మరిది మీద కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు.

ఒక్క ప్రశ్న మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. పోయిన సెలవులో వాయిదా ముగిశాక బస్టాండులో చాయ్ తాగుతూ అడిగేశాను.

"ఒకటి అడుగుత. ఇష్టం లేకుంటే చెప్పకు. పార పట్టిన నీ తమ్ముని ఇడిసిపెట్టి, ఒట్టి చేతులతోని ఉన్నాయన్ని ఎందుకు పట్టుకున్నవ్?"

అలవాటుగా ఆయన మడమలు దగ్గరికి వచ్చాయి. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. చాయ్ సగంలోనే పెట్టి డబ్బులు ఇవ్వడానికి పోయాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో అడిగినదానికి ఆయన జవాబు చెప్పకపోవడం అదే మొదలు. ఇష్టం లేకుంటే చెప్పకు అని హెచ్చరిక చదివింది నేనే కాబట్టి, మళ్లీ అడగలేదు.