యాదమ్మ చెప్పని నడుము నొప్పి

గోపాల్‌పేటలో మా పక్కింటి యాదమ్మకు కొన్ని నెలలుగా తలనొప్పి, వాంతులు, చూపు మసక. అద్దాలు మార్చారు, దిష్టి తీశారు, తలకు స్కానింగ్ చేయిస్తే ఏమీ లేదన్నారు. దాంతో పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తోందని వాళ్లత్త తేల్చేసింది.

ఈ రోజు నేనే వనపర్తి ఆసుపత్రికి తీసుకెళ్లాను. బల్ల మీంచి లేస్తూ యాదమ్మ నడుము పట్టుకోవడం చూసి, డాక్టరమ్మ వెన్నుకు స్కానింగ్ రాసింది. సాయంత్రానికి తేలింది, వెన్నులో గడ్డ ఉందని. అరుదుగా అలాంటి గడ్డ వల్ల కూడా తలలో ఒత్తిడి పెరుగుతుందట. ఆపరేషన్ చేయాలట.

"నడుము నొప్పి సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

యాదమ్మ డాక్టరమ్మను వింతగా చూసింది. "పల్లికాయ పీకేటోళ్లకు నడుము నొయ్యదా మేడం? గది గూడ రోగమని చెప్పుకుంటరా ఎవరన్న?"

బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది. ఆపరేషన్ భయమనుకున్నాను. "అక్కా, నాయి వేషాలు కావని జర మా అత్తకు ఫోన్ చేసి చెప్పవా?" అంది.

చేసి, అంతా చెప్పాను. అవతల ముసలామె గొంతు మెల్లగా వినిపించింది.

"నాకు గూడ నడుము నొస్తది బిడ్డా. నేనెన్నడన్న చెప్పిన్నా?"

మీ ఇంట్లోనూ ఓసారి అడిగి చూడండి. అడగందే ఎవరూ చెప్పేలా లేరు.