పెద్దమ్మ చేనిలో తుంగ

మా పెద్దమ్మ పోయిందని పొద్దున్నే గుత్తి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. రాత్రి సంగటి తిని పడుకుని, నిద్రలోనే వెళ్లిపోయిందట. ఏడుపు కంటే ముందు నా గుండె తేలికపడింది. మంచాన పడి ఒకరి చేత నీళ్లు తాగించుకోవడమంటే ఆమెకు నామోషీ. ఆ అవసరం రాలేదు.

మాకు చుట్టరికమేమీ లేదు. మేము గొర్రెల కాపరులం, ఆమె పక్కింటి రైతు. వరస కలుపుకుని పిలిచేవాళ్లం. వేరుశనగ చేనిలో తుంగ పీకుతూ సవతిని తిట్టినట్టు తిట్టేది. "నేను పైన పీకితే ఇది కింద నవ్వుతాండాది" అనేది. నిజమే. నేలలో ఒక్క గడ్డ మిగిలినా తుంగ ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది.

తొంభైల చివర్లో ఒక ఏడాది ఊరి చేలన్నిటా తుంగ లేచింది. ఎరువు కోసం రాత్రుళ్లు మా మందను చేలల్లో ఆపించుకుని జొన్నలిచ్చే రైతులు, అది గొర్రెల గిట్టలకు అంటుకుని వచ్చిందన్నారు. తర్వాత అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు, తుంగ పుట్టినిల్లు ఆఫ్రికా నుంచి మన దేశం దాకా పరుచుకుని ఉందని పుస్తకంలో చూసి, ఇక మా గొర్రెలు తెచ్చేదేముందని నవ్వుకున్నాను. ఆ ఏడాది మాత్రం నవ్వు రాలేదు. "ఇంగ నీ మంద మా చేన్లలోకి వద్దప్పా" అని ఒక పెద్దరైతు నాయనకు తెగేసి చెప్పాడు. మాకున్న బతుకుతెరువు అదొక్కటే. ఊరు విడిచిపోదామని అమ్మ గిన్నెలు మూటకట్టింది.

సంగతి తెలిసి పెద్దమ్మ నాయనను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికే పోయింది.

"ఏమప్పా, మీ తమ్ముని చేన్లో ఒక్క గొర్రె కూడా అడుగు పెట్టలేదే. ఆడెట్ల మొలిచినాది తుంగ?"

పెద్దమ్మే మళ్లీ అందుకుంది.

"చేను సదును చేసేదానికి నీ తమ్ముడు నా గుంటక తీసకపోయినాడు. నువ్వూ తీసకపోయినావు. దానికి పట్టిన మట్టిలో గడ్డలుండాయి. నేను గీకకుండానే ఇచ్చినా. తిట్టేదుంటే నన్ను తిట్టు."

ఆయన మీసం సవరించుకుని, "సరేలేప్పా, ఈ పొద్దు మా చేన్లోకే తోలు" అన్నాడు నాయనతో.

అటు తర్వాత పెద్దమ్మ గుంటకను ఎవరూ అడగలేదు. "మంచిదే, అరిగిపోకుండా ఉండాది" అని నవ్వేది. ఆమె ఆ రోజు తన తప్పు ఒప్పుకోకపోతే మేము ఏ ఊళ్లో ఉండేవాళ్లమో నాకిప్పటికీ తెలియదు.

ఆ రైతు సరేనన్న సాయంత్రమే నాయన మందను ఆయన చేనిలోకి తోలాడు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి చూసింది. గొర్రెలు ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి పడుకుంటున్నాయి. చివరి గొర్రె పడుకునేదాకా ఆమె ఇంటికి పోలేదు.