నా కోసం అబద్ధమాడిన మేడం

పోయిన వారం ఒక సాయంత్రం మా కెమిస్ట్రీ మేడం భర్త కోదాడ నుంచి ఫోన్ చేశారు. "కంగారుపడకమ్మా. మేడం పోయింది. అన్నం తిని కుర్చీలో కూర్చుంది, అంతే" అన్నారు.

మిర్యాలగూడలో నేను పాఠాలు చెప్పే కాలేజీ వరండాలో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మనసు కుదుటపడింది. రెండేళ్లుగా ఆమె గుండె బాగుండలేదు. మంచాన పడి ఒకరి చేత సేవ చేయించుకోవాల్సి వస్తే ఆమె తట్టుకోలేదని మా అందరికీ భయం. ఆ అవసరం రాలేదు.

సూర్యాపేటలో ఆమె దగ్గర డిగ్రీ చదివినవాళ్లకు ఆ హాజరు పట్టీ గుర్తుండే ఉంటుంది. ఒక్కో పేరూ పిలిచి, తలెత్తి ఆ మొహం చూశాకే టిక్కు పెట్టేవారు. మొహం వాడిపోయి కనిపిస్తే "పొద్దున ఏం తిన్నావ్?" అని అందరి ముందే అడిగేవారు. "అర్థం కాలేదని తల దించుకుని చెప్పొద్దు, ఎత్తి చెప్పండి. బోర్డు కనపడాలి గదా" అనేవారు. ఆ మాటకు మేం నవ్వేవాళ్లం.

మాది సూర్యాపేట పక్కనున్న ఆత్మకూర్ (ఎస్). నాయిన గొర్రెలు మేపేవాడు. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేస్తుండగా, 2008లో, విద్యార్థుల ఎక్స్ఛేంజి పథకం కింద ఒక సెమిస్టర్ బెర్లిన్‌లో చదివే అవకాశం వచ్చింది. నాయిన వద్దన్నాడు. మేడం సూర్యాపేట నుంచి బస్సులో మా ఇంటికొచ్చి, ఆరు నెలలేనని, పిల్లకు తను పూచీ అని చెప్పి ఒప్పించారు.

అక్కడి యూనివర్సిటీ మా ఊరంత ఉంది. క్లాసులో వందల మంది. ప్రొఫెసర్ ఇంగ్లీషు నా చెవికి అందేది కాదు. మూడో వారానికి నేను క్లాసుకు పోవడం మానేశాను. ఆ నగరం చుట్టూ తిరిగే రైలు ఒకటుంది. గంటలో ఎక్కిన స్టేషన్‌కే తెచ్చి దింపుతుంది. లోపల వెచ్చగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. క్లాసుల వేళంతా అందులో కూర్చునేదాన్ని. ఆదివారాలు మేడంకు ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పేదాన్ని.

ఒక మంగళవారం రైల్లో ఉండగా మేడమే ఫోన్ చేశారు. సూర్యాపేటలో గొర్రెల అంగడికి వచ్చిన నాయిన నా గొంతు వినాలని మేడం కాలేజీకి వెళ్లాడట. అప్పుడే రైల్లో రాబోయే స్టేషన్ పేరు మైకులో చెప్పారు, అది ఫోన్‌లో మేడంకూ వినపడింది. నా టైంటేబుల్ మేడం దగ్గరుంది. ఆ గంటలో నాకు క్లాసుందని ఆమెకు తెలుసు. అయినా పక్కనున్న నాయినతో "క్లాసుకు పోతోందట, ఒక్క మాట మాట్లాడండి" అని ఫోన్ ఇచ్చారు.

మర్నాడు మళ్లీ చేశారు. "నిన్న మీ నాన్న ముందు నీ కోసం అబద్ధం చెప్పాను. ఇవాళ నువ్వు నాకు నిజం చెప్పు."

అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. 'అర్థం కాలేదు, దయచేసి ఆ మెట్టు మళ్లీ చెప్పండి' అన్న మాటను ఇంగ్లీషులో ఫోన్‌లోనే మూడుసార్లు నా చేత అనిపించారు. మూడోసారి గొంతు వణకలేదని చెప్పి పెట్టేశారు.

రెండు రోజుల తర్వాత, అంతమందిలో లేచి నిలబడి ఆ మాట అన్నాను. ప్రొఫెసర్ బోర్డు తుడిచి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. క్లాసయ్యాక పక్కన కూర్చున్న టర్కీ అమ్మాయి, రెండు వారాలుగా తనకూ అర్థం కావడం లేదని చెప్పి నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి చదివాం. మూడు సబ్జెక్టులు పాసయ్యాను. ఒకటి పోయింది.

తిరిగొచ్చాక నాయినకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. మేడం నాతో ఆత్మకూర్ వచ్చి మా అరుగు మీద నా పక్కన కూర్చున్నారు. ఫెయిలైన సంగతీ, రైలు సంగతీ చెప్పాను.

"గా రైల్ల అన్ని దినాలు ఒక్కదానివే కూసున్నవా బిడ్డా?" అన్నాడు నాయిన.

అవునన్నాను. మేడం ఆయన వైపు తిరిగి "నేను కూడా మీతో అబద్ధం చెప్పాను, అన్నా" అన్నారు.

"నాకెరికే మేడం. గప్పుడు మీ మొకం సూస్తెనే ఎరికైంది. మీరున్నరు గదా అని ఊకున్న."

ముగ్గురం నవ్వాం. ఇన్నేళ్లలో నాకు అంత తేలిగ్గా ఊపిరాడిన రోజు మరొకటి లేదు. అమ్మ కంచాలు పెట్టింది. పోయిన ఆ సబ్జెక్టు మరుసటేడు హైదరాబాద్‌లో రాసి పాసయ్యాను. ఇప్పుడు పిల్లలకు నేను చెప్పేది అదే సబ్జెక్టు.

మేడంను కోదాడలో సమాధి చేశారు. నాయిన ఆత్మకూర్ నుంచి నాకంటే ముందే వచ్చాడు. ఎండ మండిపోతోంది. పాస్టర్ ప్రార్థన చేస్తుంటే మేడం భర్త ఉత్త తలతో, కళ్లు మూసుకుని నిలబడ్డారు. నాయిన మెల్లగా ఆయన వెనక్కి పోయి, భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా ఆయన తల మీద నీడ పట్టాడు. ప్రార్థన అయ్యేదాకా చేతులు దించలేదు. ఆ నీడ ఎక్కడి నుంచి వస్తోందో ఆయన చూసుకోలేదు.