లైట్లు కొట్టినవాడిదే దారి

ఫుల్ లైసెన్స్ చేతికొచ్చి రెండేళ్లయిన ఆ రోజుల్లో, మేముంటున్న ఈ పరాయిదేశపు డునెడిన్ ఊరు మొత్తానికి నా అంత డ్రైవర్ లేడని నమ్మేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల వయసులో ఎవరు మాత్రం నమ్మరు? అప్పుడే మా వదినకు ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చేసే ఉద్యోగం దొరికింది. నెలాఖరులోగా ఒంటరిగా కారు నడిపే లైసెన్స్ తెచ్చుకుంటేనే చేర్చుకుంటామన్నారు. వారానికొక పాఠం చెప్పే టీచరమ్మ ఉన్నా అది చాలదని, మిగతా రోజులు నేర్పే భారం నేను నెత్తినేసుకున్నాను. (అన్నయ్యకు ఓపిక లేదు. నాకూ లేదు గానీ, ఆ సంగతి అప్పటికి తెలీదు.)

మా వీధులన్నీ ఎత్తుపల్లాలు. రెండు పక్కలా కార్లు ఆపేస్తే మధ్యలో ఒక్క బండికే చోటు. ఒక సాయంత్రం ఎదురుగా వస్తున్న కారు రెండుసార్లు లైట్లు కొట్టింది. వదిన ముందుకు పోనిచ్చింది. “ఆగొదినా! వస్తున్నానని వాడు లైట్లు కొడుతుంటే కనపడట్లేదా?” అని అరిచాను. ఆవిడ బ్రేకు తొక్కింది. వాడూ కదల్లేదు. మళ్లీ లైట్లు, మళ్లీ నా అరుపు. “టీచరమ్మేమో పొమ్మంటది, నువ్వేమో ఆగమంటావు. నేనెవరి మాట వినేది చిన్నా?” అంది వదిన, కళ్లనీళ్లు పెట్టుకుని. “గుంటూరు ట్రాఫిక్‌లో నడిపినోణ్ణి, నా మాటిను” అన్నాను. (నడిపింది స్కూటరు.)

అప్పట్నుంచి ఎదురుబండి లైట్లు వేస్తే చాలు, వదిన సగం దూరం వెళ్లి బిగుసుకుపోయేది. పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా టీచరమ్మ నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, మీ దేశంలో లైట్లు కొడితే ఏమిటర్థమని మర్యాదగా అడిగింది. నేనొస్తున్నాను తప్పుకో అని అర్థం, అన్నాను. “ఇక్కడ నేనాగాను, నువ్వు రా అని” అందావిడ. రెండేళ్లుగా నేను లైట్లు కొట్టినప్పుడల్లా చెయ్యూపుతూ మీదికొచ్చిన వాళ్లందరినీ పొగరుబోతులని తిట్టుకుంటూ, చివరి క్షణంలో బ్రేకు తొక్కుతూ బతికాను. వాళ్లు పాపం నాకు థాంక్స్ చెబుతున్నారన్నమాట! ఇక, లైట్లు కొట్టి నాకోసం ఓపిగ్గా ఆగినవాళ్లనైతే మందమతులనే అనుకున్నాను.

ఆ నాలుగు రోజులూ వదిన పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ పాసైంది. ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే అలవాటుకొద్దీ ఎడమవైపు తలుపు తీయబోయాను. “ఇంక నేనొక్కదాన్నే పోవచ్చు చిన్నా. చలిగా ఉంది, లోపలికి పో” అంది నవ్వుతూ. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. ఆ ఇరవై ఆరేళ్ల మహాగురువు, కారు వీధి మలుపు తిరిగేదాకా, కుడికాలితో నేలమీద బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు పాపం.