యాప్ లెక్కలో రాని అమ్మాయి

హిందూపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఇది 2023 నాటి సంగతి. పిల్లలు ఎలాగూ ఫోన్లు కింద పెట్టరు కాబట్టి పాఠాన్నే ఫోన్లో పెడదామనుకున్నాను. క్లాసు చివర ఒక యాప్‌లో క్విజ్, అంటే నాలుగు చిన్న ప్రశ్నలు. బోర్డు మీది కోడ్ కొట్టి జవాబిస్తే హాజరు పడుతుంది. పేర్లు పిలిచే పని తప్పింది. ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు. నేనూ కొంత మెచ్చుకున్నాను.

సెమిస్టర్ చివర హాజరు చాలనివాళ్ల జాబితా తీశాను. వాళ్లకు హాల్ టికెట్ రాదు, పరీక్ష రాయలేరు. మొదటి పేరు సుజాత. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చి, మొదటి బెంచీలో నా ఎదురుగా కూర్చునే అమ్మాయి. యాప్ ప్రకారం ఆమె ఒక్క రోజూ రాలేదు. పెనుకొండ బస్టాండులో కూర్చుని, స్నేహితుడు పంపిన కోడ్ కొట్టినవాళ్లు మాత్రం క్రమం తప్పకుండా వచ్చారు.

పిలిచి అడిగాను.

"ఫోన్ యాడ తెచ్చేది సార్? ఇంటికంతా ఒగటే. మగ్గం కాడ నాయనకు కావల్ల. షావుకారు చీరల రంగులు దాంట్లోనే పంపిస్తాడు."

"క్విజ్ రాయకపోతే హాజరు పడదని వాట్సాప్ గ్రూపులో పెట్టాను కదమ్మా?"

"నాయన చూసింటాడు సార్. నేను ఎదురుగానే కూచుంటాండా కదా, నాకు మీరే చేత్తో ఏసుకుంటాండారు అనుకుంటి."

ఫోన్ తేలేనివాళ్లకు ఆ కబురు ఫోన్లోనే పంపాను నేను. వాళ్ల నాయన దానికి నమస్కారం బొమ్మ పెట్టాడు. అంగీకారం అనుకున్నాను. సుజాత మాత్రం పక్కమ్మాయి ఫోన్లో ప్రశ్నలు చూసి, జవాబులు నోట్సులో రాసుకుంటూ వచ్చింది.

ఆ నోట్సు పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను.

"ఇంట్లో కూచోని కూడా రాయచ్చు కదప్పా," అన్నారు. "యాప్ పెట్టింది నువ్వు. రాలేదంటాండేదీ నీ యాపే. ఎవుర్ని నమ్మల్ల నేను?"

రానివాళ్ల కోసం నా పాఠాలు ఫోన్లో రికార్డు చేసి ఉంచేవాణ్ణి. కూర్చుని వినడం మొదలుపెట్టాను. వాటిని చివరిదాకా విన్న మొదటి మనిషిని నేనే. వాటిని రోజూ క్లాసులో భరించిన పిల్లల మీద గౌరవం పెరిగింది. దాదాపు ప్రతి పాఠంలోనూ సుజాత గొంతు ఉంది, ఏదో ఒక డౌటుతో. మూడు వినిపించేసరికి ప్రిన్సిపాల్ చెయ్యి ఎత్తారు.

"చాలప్పా. ఆ పాపకు హాల్ టికెట్ ఇచ్చేస్తాం. మిగతావి వినిపియ్యొద్దు."

ఒక రికార్డులో ఆమె అడిగింది: "సార్, పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నోళ్లూ, మార్కులే మన చేతికి అందనోళ్లూ లెక్కలో ఒగటేనా?"

"తర్వాత చూద్దాం" అన్నాను. చూడలేదు.

మరునాడు రివిజన్ క్లాసు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. అందని సమాచారాన్ని అందలేదనే రాయాలి, దాని స్థానంలో సున్నా వెయ్యకూడదు. స్టాటిస్టిక్స్‌లో మొదటి నెల పాఠం ఇది. పదిహేనేళ్లుగా చెబుతున్నాను, నేర్చుకోవడానికి ఆ సెమిస్టర్ పట్టింది.

క్విజ్ ఇప్పటికీ ఫోన్లోనే, ఇద్దరు ముగ్గురు ఒకే ఫోన్లో కలిసి రాయవచ్చు. హాజరు మాత్రం పేరు పిలిచి, తలెత్తి, మనిషిని చూసి వేస్తాను. నాలుగు నిమిషాలు పడుతుంది.